జింకకు రుమాల చుట్టిన బిచ్చయ్య

పొద్దున పదిన్నర దాటింది. ఆషాఢం ముసురు. నాంపల్లి స్టేషను ఎదుట కూలీల అడ్డా మీద నేనొక్కడినే మిగిలాను. నా కడుపులోకి పోయిన ఆఖరు సరుకు ముందురోజు మధ్యాహ్నం తిన్న రెండు జొన్నరొట్టెలు. వానలో తాపీపని ఎవరు చేయిస్తారు? మిగతా కూలీలు తెలివైనవాళ్ళు, ఇళ్ళకు పోయి పడుకున్నారు. ఆకలి మీద నిద్ర పట్టదని నేను నిలబడ్డాను.

అప్పుడు ఆబిడ్స్ వైపు నుంచి ఒక తోపుడుబండి వచ్చింది. బండి నిండా ముల్లంగి ఆకు, మక్కకంకుల పొట్టు, అరటితొక్కలు. వాటిమీద ఒక సంచిలో ఇరానీ హోటల్లో మిగిలిపోయిన రొట్టెముక్కలు. బండి తోసే మనిషి పొట్టిగా, తలకు ఎర్ర రుమాల చుట్టుకుని ఉన్నాడట. ఉన్నాడట అని ఎందుకంటున్నానంటే, నేను మనిషిని చూడలేదు. రొట్టెముక్కలనే చూశాను. అది ఆయన కనిపెట్టాడు.

"ఏంది తమ్మీ, బండిని గట్ల సూస్తున్నవ్? తింటవా?"

"ఎవలకు తీస్కపోతున్నవ్ అన్నా?"

"జింకలకు."

"నాంపల్లిల జింకలేంది?"

"కడుపుల ఏం లేదు గని నోట్లె ప్రశ్నలు మస్తుగున్నయ్ నీకు. బండి తొయ్యి, సూపిస్త. రెండు ముక్కలు నీయి. మూడోది ముట్టినవనుకో, సర్దార్ ఊకోడు."

సర్దార్ అంటే ఎవరో పోలీసనుకుని రెండు ముక్కలతోనే ఆపాను. అట్లా 1961లో నేను మొదటిసారి జింకల వంతు తిన్నాను. ఆ మనిషి పేరు బిచ్చయ్య. నాకంటే పదేళ్ళు పెద్ద.

బండి ఆగిన చోటు ఆహూ మంజిల్. ఒక నవాబుగారి పాత దేవిడీ, సందు లోపల ఉంటుంది. రెండు పక్కల నాలా, ఒక పక్క రైలు కట్ట. వాన పడితే నాలుగో పక్క గేటు ముందు కూడా మోకాటి లోతు నీళ్ళు. అందుకని సిటీవాళ్ళు దాన్ని టాపు అనేవాళ్ళు. యాభై ఆరు తర్వాత గోదావరి జిల్లాల నుంచి వచ్చి కిరాయికి దిగిన గుమాస్తాలు లంక అన్నారు. పేరేదైనా సరే, నీళ్ళ మధ్య పదకొండు కుటుంబాలు, ఇరవై ఆరు చుక్కల జింకలు.

అన్ని జింకలు ఎట్లా అయ్యాయో బిచ్చయ్యే చెప్పాడు. ఆయన నవాబుగారి వంటింట్లో గిన్నెలు తోమేవాడట. నలభై ఎనిమిదిలో ఒక విందుకోసం రెండు జింకపిల్లలను పట్టుకొచ్చారు. విందుకు రెండు రోజుల ముందే రాజ్యం తారుమారైంది. నవాబుగారు పెట్టెలు సర్దుకుని, ఆ జింకపిల్లలను బిచ్చయ్య చేతిలో పెట్టి, "జర చూస్తూ ఉండు, శుక్రవారం వస్తా" అని వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆరు వందల చిల్లర శుక్రవారాలు పోయాయి. మగపిల్లకు సర్దార్ అని, ఆడపిల్లకు బేగం అని బిచ్చయ్య పేరు పెట్టాడు. మిగతా ఇరవై నాలుగూ వాళ్ళ సంసారం.

నవాబుగారు లండన్ నుంచి ఒకే ఒక్క ఉత్తరం రాశారు. జింకలను కొయ్యొద్దు, అమ్మొద్దు, వాటిని చూసుకునే మనిషికి గేటు పక్క గది వదిలెయ్యాలి. దేవిడీ వ్యవహారాలు చూసే మున్షీ వామన్‌రావు ఆ ఉత్తరానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. దానివల్లే బిచ్చయ్యకు నెత్తిమీద కప్పు ఉండేది. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, ఊళ్ళో ఇల్లు లేదు. ఉన్నవన్నీ నాలుగు కాళ్ళవే.

జింకలు చూడ్డానికి అందంగా ఉంటాయి. పక్కింట్లో ఉంటే తెలుస్తుంది. తులసికోటల్లో తులసి మిగిలేది కాదు. పోస్టుమాన్ నీళ్ళలో దిగలేక ఉత్తరాలు గోడమీంచి విసిరేవాడు, అవి తినేసేవి. ఒక్క మాఘమాసంలోనే మూడు పెళ్ళిళ్ళు మేసేశాయి. ఉప్పంటే వాటికి ప్రాణం. తాతారావు అని ఒక సర్కారు గుమాస్తా ఉండేవాడు, కాకినాడ వైపువాడు. చెమటతో తడిసిన ఆయన పంచెను తీగ మీదే సగం నమిలేశాయి. మిగిలిన సగం కట్టుకుని ఆయన లక్డీకాపూల్ దఫ్తరుకు పోయాడని అంటారు. నేను చూడలేదు. కానీ ఆయన భార్య శేషారత్నం ఊరమిరపకాయలు ఎండబెడితే ఏమయిందో కళ్ళారా చూశాను. పళ్ళెం ఖాళీ. చుట్టూ ఆరు జింకలు ముక్కులు కారుతూ నిలబడి, ఇంకా ఉన్నాయా అన్నట్టు ఆమెనే చూస్తున్నాయి.

"బిచ్చయ్యా! నీ సంతానాన్ని కాస్త అదుపులో పెట్టుకోవయ్యా! నోరా అది? మిరపకాయలు కూడానా?"

"ఉప్పు జర ఎక్కువైందంట అమ్మా."

"ఎవరన్నారూ?"

"బేగం."

శేషారత్నం చీపురు తీసింది. బిచ్చయ్య బేగం వెనక దాక్కున్నాడు.

తాతారావు చివరికి జింకల నివారణ సంఘం పెట్టాడు. తానే కార్యదర్శి. ఎనిమిది కుటుంబాల నుంచి మనుషులొస్తేనే మీటింగు చెల్లుతుందని నియమం రాశాడు, ఒక పెద్ద రిజిస్టరు కొన్నాడు. మొదటి తీర్మానం పులి పెంట. పులి వాసన తగిలితే జింక ఆ ఛాయలకు రాదని దఫ్తరులో ఎవరో చెప్పారట. అప్పటికింకా జూ జంతువులు బాగేఆమ్ తోటలోనే ఉండేవి. పని లేక తిరుగుతున్న నాకు పని దొరికింది. అక్కడి కాపలా మనిషిని బతిమాలి రెండు గోనెసంచుల పులి పెంట నెత్తిన పెట్టుకుని వచ్చాను. దారి పొడుగునా జనం నాకు ఎంత మర్యాదగా దారి ఇచ్చారో! మంత్రులకు కూడా అంత ఇవ్వరు.

తులసికోటల చుట్టూ చల్లాము. నాంపల్లి కుక్కలన్నీ ఆ రాత్రికే వలస పోయాయి. తాతారావు మావగారు నాలుగు రోజులుందామని వచ్చి గేటు దగ్గరినుంచే వెనక్కి తిరిగాడు. జింకలు మాత్రం దగ్గరకొచ్చి వాసన చూశాయి. వాటి తాతముత్తాతలు కూడా పులిని చూసి ఎరగరు. మెత్తగా ఉందని దానిమీదే పడుకున్నాయి.

వామన్‌రావు వచ్చి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆఖరు మాట చెప్పాడు.

"సునో బిచ్చయ్యా. కిరాయిదార్లందరు ఖాళీ జేస్తమంటున్నరు. ముప్పై దాక ఊకుంట. ముప్పై దాటి ఒక్కటున్నా సరే, అన్నిటిని లారీలెక్కించి అచ్చంపేట అవతల అడవికి పంపిస్త. కొయ్యొద్దు, అమ్మొద్దు అన్నరు గని, పంపొద్దని నవాబ్‌సాబ్ రాయలే."

"ఇప్పుడు ఇరవై ఆరే ఉన్నయ్ సాబ్."

"ఇప్పుడు. గవి ఊకుంటయా?"

బిచ్చయ్య తల వంచుకున్నాడు. ఊకుండవని అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

సంఘం రెండో తీర్మానం గోడ. ఆవరణ మధ్యలో నిలువెత్తు గోడ కట్టి ఆడవి తూర్పున, మగవి పడమర పెట్టాలి. గోడ కట్టింది నేనూ, మా మేస్త్రీ. కట్టిన తొమ్మిది రోజులూ మధ్యాహ్నం అన్నం బిచ్చయ్య గదిలోనే. ఆయన ఎప్పుడూ ఇద్దరికి సరిపడా వండేవాడు. నా వంతు పళ్ళెంలో పెట్టి మూత పెట్టేవాడు. అంతకుముందు ఆ రెండో వంతు ఎవరికి అని అడిగితే, "ఇన్నేండ్లు జింకలే తిన్నయ్, నువ్వొస్తవని ఎవలకు ఎరుక?" అన్నాడు. గోడ అయిపోయినా ఆ వంతు నాదే అయింది.

భాద్రపదంలో ఒక ఆదివారం జింకలను విడదీశారు. తాతారావు కుర్చీలో గొడుగు కింద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. సంఘం ఒప్పుకున్న సూత్రం ఒకటే. కొమ్ములున్నవి పురుషులు, లేనివి స్త్రీలు. బిచ్చయ్య ఒక్కొక్కదాన్నీ తెచ్చి నిలబెట్టాడు.

"పేరు?"

"బేగం."

"కొమ్ములు?"

"లెవ్వు సారూ."

"స్త్రీ. తూర్పు. తర్వాతది పేరు?"

తర్వాత వచ్చింది సర్దార్. సర్దార్ అంటే ఇంతెత్తు కొమ్ములతో నాలుగు గొడుగులు చింపిన మొనగాడు. ఆ రోజు తల నున్నగా ఉంది. మగజింకకు ఏడాదికోసారి కొమ్ములు రాలి కొత్తవి మొలుస్తాయని గుమాస్తాలకు ఎట్లా తెలుస్తుంది? మంగళవారమే రాలాయి. వాటిని బిచ్చయ్య మంచం కింద గోనెపట్ట కప్పి దాచడం నేను చూశాను.

"పేరేవిటయ్యా అంటే?"

"సర్... సర్దారమ్మ."

"కొమ్ములు?"

"మీరే సూడున్రి సారూ."

తాతారావు కళ్ళజోడు సవరించుకుని శ్రద్ధగా చూశాడు. "స్త్రీ. వయసు మళ్ళినది. తూర్పు."

నేను బిచ్చయ్యను పక్కకు లాగాను. "అన్నా, గది సర్దార్ గదా?"

"నిమ్మళంగ మాట్లాడు. పదమూడేండ్ల సంది ఆ ఇద్దరు ఒక్క తొట్టిల తిన్నరు. నిన్న అది అటు, వీడు ఇటు కట్టేసి సూసిన. పొద్దుగూకె దాక గడ్డి ముట్టలే. ముసలోడు తమ్మీ. ఒక్కడు ఏం జేస్తడు?"

"ఏం జేస్తడో నీకు తెల్వదా?"

"వానికి పండ్లు గూడ ఊడినయ్."

"పండ్లతోని ఏం పని అన్నా?"

బిచ్చయ్య నామీద కోప్పడి రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టాడు.

దసరా నాటికి సర్దారమ్మ నెత్తిన మఖమలు చుట్టినట్టు రెండు మొలకలు లేచాయి. బిచ్చయ్య తన ఎర్ర రుమాల విప్పి దాని తలకు చుట్టాడు. బట్టలు ఆరేయడానికి వచ్చిన శేషారత్నం చూసింది.

"ఏం బిచ్చయ్యా, దాని తలకా గుడ్డేవిటీ?"

"తలనొప్పి అమ్మా."

"అయ్యో పాపం, వయసు మీద పడిందిగా. ఉండు, శొంఠి అరగదీసి తెస్తాను."

ఆమె శొంఠి తెచ్చి సర్దార్ కణతలకు పట్టు వేసింది. వాడు నాలుక చాపి నాకేశాడు. ఆమెకు జాలి ఇంకా పెరిగింది. రోజూ వేసింది, వాడు రోజూ నాకాడు. తిడుతూనే ఉండేది కానీ, ఆ రోజుల నుంచి శేషారత్నం గంజి పారబోయకుండా సర్దారమ్మకు పెట్టేది.

కొమ్ములు పెరిగాయి. రుమాల చాల్లేదు. ఇంకో రుమాల, దానిమీద పాత ధోవతి, దానిమీద నా తువ్వాలు. పుష్యం నాటికి వాడు ఏదో సంస్థానం నుంచి దర్బారుకు వచ్చిన జాగీర్దారులాగా తయారయ్యాడు. దఫ్తరుకు పోతూ తాతారావు రోజూ అడిగేవాడు. "ఇంకా తగ్గలేదా?" బిచ్చయ్య దిగులుగా తల ఊపేవాడు. ఆ దిగులు మాత్రం నిజమే.

హోలీ పోయిన వారానికి తలపాగా కొస శేషారత్నం బట్టల తీగకు తగులుకుంది. సర్దార్ ముందుకు నడిచాడు. రుమాల, రుమాల, ధోవతి, తువ్వాలు వరసగా విచ్చుకుని తీగ మీద ఆరేసినట్టు వేలాడాయి. కింద గజం పొడవు కొమ్ములు, ఎండకు తళతళలాడుతూ.

"ఏవండోయ్! రండి! సర్దారమ్మకి కొమ్ములొచ్చాయి!"

తాతారావు సబ్బు నురగ మొహంతో, గడ్డం సగం గీసుకుని పరుగెత్తుకొచ్చాడు. కొమ్ములను చూశాడు. లోపలికి పోయి రిజిస్టరు తెచ్చి చూశాడు. మళ్ళీ కొమ్ములను చూశాడు.

"ఇందులో స్త్రీ అని ఉంది."

"కళ్ళ ముందు కనబడుతుంటే ఇంకా ఇందులో అందులో ఏవిటండీ? దాన్ని తీసి అటుపక్క పడెయ్యండి!"

"ఎలా పడేస్తానే? తూర్పు అని తీర్మానం అయింది. సవరించాలంటే మీటింగు పెట్టాలి. ఎనిమిది కుటుంబాలు రావాలి. రేపు పరీక్షలవగానే సగం మంది ఊళ్ళకి పోతారు, పిల్లల చదువుల మధ్య ఇప్పుడెవడొస్తాడు? ఇది ఆడదయితే ఏమిటి, మగదయితే ఏమిటి, పద్ధతి పద్ధతే."

బిచ్చయ్య అప్పుడు ముందుకొచ్చాడు. "సారూ, తప్పు నాది. వాడు సర్దారే. నేనే అబద్ధం జెప్పిన. మీరు రాయకున్నా సరే, ఇప్పుడే అటు తోలుత."

"ముట్టుకోకు! రిజిస్టరుకి వ్యతిరేకంగా ఒక్క జింక కదిలిందంటే నాకు మాట వస్తుంది."

మీటింగు జూన్ రెండో వారంలో జరిగింది. స్త్రీ అన్న మాట కొట్టేసి పురుషుడు అని రాసి ఎనిమిది మంది సంతకాలు చేశారు. సర్దార్‌ను పడమటికి మార్చారు. వాడు ఏ పేచీ పెట్టకుండా నడిచాడు. బాగా అలసిపోయి ఉన్నాడు.

దీపావళి నాటికి తూర్పున పన్నెండు పిల్లలు. పండ్లు ఊడిన ముసలోడు.

వామన్‌రావు లెక్కపెట్టడానికి వస్తున్నాడని కబురు తెలిసి బిచ్చయ్య ఇల్లిల్లూ తిరిగాడు. "అమ్మా, ఒక్క పూట. మంచం కింద పెట్టుకోన్రి. ముప్పై దాటితే అన్ని పోతయ్, నేను గూడ పోత." ఎవరూ కాదనలేదు. ఇన్నేళ్ళు చీపుర్లు తిరగేసినవాళ్ళే పిల్లలను ఒళ్ళో పెట్టుకుని లోపలికి తీసుకుపోయారు. శేషారత్నం మూడు పిల్లలను తీసుకుని మంచం కింద పాత దుప్పటి పరిచింది. తాతారావు రిజిస్టరు మూసేసి, "నేను చూడలేదు, నాకు తెలీదు" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వామన్‌రావు ఇరవై ఆరు అని రాసుకుని సంతోషంగా గేటుదాకా పోయాడు. అప్పుడు శేషారత్నం గుమ్మంలోంచి ఒక పిల్ల వచ్చి ఆయన లాల్చీ కొస నోట్లో పెట్టుకుంది.

"గిదేంది?"

"మేకపిల్లండీ," అంది శేషారత్నం. "మా ఊర్నుంచి తెచ్చుకున్నాం."

"మేకకు చుక్కలా అమ్మా?"

"మా వైపు ఉంటాయండీ. సముద్రపు గాలికి."

వామన్‌రావు ఆమెను చూశాడు, పిల్లను చూశాడు, బిచ్చయ్యను చూశాడు. తర్వాత ఇల్లిల్లూ వెతికించాడు. మొత్తం ముప్పై ఎనిమిది.

కార్తీకంలో రెండు లారీలొచ్చాయి. వలలు పట్టుకుని పదిమంది దిగి, మధ్యగోడ తలుపు తెరిచారు. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఉరికారు. అరుగులు దూకేవి దూకుతున్నాయి, మెట్లెక్కి మిద్దె మీదికి పోయేవి పోతున్నాయి. నాలుగు గంటల్లో వలలో పడింది ఒక్క తాతారావే. దఫ్తరు కోటుతో సహా పడ్డాడు. విప్పడానికి అరగంట పట్టింది.

బిచ్చయ్య అదంతా చూస్తూ గేటు గది గడప మీద కూర్చున్నాడు. లోపల కట్టెల పొయ్యిమీద అన్నం దించి పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. లారీలవాళ్ళ పెద్ద చెమట తుడుచుకుంటూ వామన్‌రావుతో అన్నాడు.

"గిట్ల కాదు సాబ్. రేపు ఇంకో ఇరవై మందిని తెస్త. కాళ్ళు కట్టి మోసుడే. గని ముందే చెప్తున్న, బెదురు జంతువులు. గట్ల కడితే భయానికే గుండె ఆగి సగం చస్తయ్."

ఆ మాట విని బిచ్చయ్య లేచాడు. గూట్లోంచి తన డాల్డా డబ్బా, గరిటె తీసుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా పొద్దునా సాయంత్రం మేతకు పిలిచే డబ్బా అది. లారీ వెనక ఎక్కడానికి చెక్క పలక వేయమని నాకు చేత్తో చూపించాడు. వేశాను.

గరిటెతో డబ్బా కొట్టుకుంటూ పలక ఎక్కాడు. మిద్దె మీదివి దిగాయి. అరుగులు దూకినవి మళ్ళీ దూకి వచ్చాయి. తల్లుల వెనక పిల్లలు, పిల్లల వెనక కుర్రజింకలు, బడి గంట విన్నట్టు వరసగా ఎక్కాయి. ఒక లారీ నిండింది. రెండో లారీలోకి మారి మళ్ళీ కొట్టాడు. శేషారత్నం గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సర్దార్ ఒకసారి ఆమె దగ్గర ఆగి, గిన్నె ఖాళీ చేసి, బేగం వెనకే ఎక్కాడు.

అన్నీ ఎక్కాయి. బిచ్చయ్య వాటి మధ్య నిలబడి ఉన్నాడు. ఎర్ర రుమాల ఒక్కటే పైకి కనిపిస్తోంది.

"బిచ్చయ్యా, అయిపాయె గదా, ఇగ దిగు!" అన్నాడు వామన్‌రావు.

బిచ్చయ్య డబ్బా మీద మెల్లగా కొడుతూనే ఉన్నాడు. కొట్టడం ఆపితే దూకుతాయని లారీవాళ్ళు నన్ను తొందరపెట్టారు. పలక లాగి, వెనక తలుపు ఎత్తి గొళ్ళెం పెట్టింది నేనే. ఆయన నావైపు చూస్తాడనుకున్నాను. బేగం చెవులు సవరిస్తున్నాడు.

లారీలు గేటు ముందు రాత్రి వాన నీళ్ళలోంచి మెల్లగా కదిలి సందు తిరిగాయి. కాసేపు డబ్బా చప్పుడు వినిపించింది, తర్వాత నాంపల్లి రైలు కూతలో కలిసిపోయింది. నవాబు పోతూ శుక్రవారం వస్తానన్నా అన్నాడు. ఈయన అదీ అనలేదు.

"ఊరి చివరిదాకా పోయి దిగి వచ్చేస్తాడు లెండి," అన్నాడు తాతారావు. శేషారత్నం మధ్యాహ్నం వడియాలు పెట్టింది. ఎవరూ తినడానికి రాలేదని మేడ మీద నిలబడి ఎవరినో తిట్టింది.

నేను గేటు గదిలోకి పోయాను. ఆకలిగా ఉంది. గిన్నెలో ఎప్పటిలాగే ఇద్దరి అన్నం. నా వంతు తిన్నాను. ఆయన వంతు పళ్ళెంలో పెట్టి, మూత పెట్టి, గడప మీద కూర్చున్నాను.